సాక్షి మాట - సాక్షి మౌనము

లోకవ్యవహారమునందు మాట తప్పుగా వినబడినచో మరల చెప్పి సరిదిద్దుకొనవచ్చును. సంతలో బేరమైనను, రచ్చకట్టకడ తగవైనను అంతే. న్యాయస్థానమునందు ఆ సౌలభ్యము అంతగా లేదు. అచట పలికిన మాట కాగితమునకెక్కును. కాగితము తీర్పునకు ఆధారమగును. తీర్పు ఒకని భూమినో, స్వేచ్ఛనో, ఒక్కొక్కప్పుడు ప్రాణమునో నిర్ణయించును. కావున న్యాయస్థానములో మాట ఎట్లు పలుకబడుచున్నది, ఎట్లు వినబడుచున్నది, ఎట్లు వ్రాయబడుచున్నది అను ప్రశ్న వకీళ్లకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. భాషనెరిగిన వారందరును ఆలోచింపదగినది.

ఝరాసంగం ప్రాంతమునే తీసికొందము. కేతకీ సంగమేశ్వరుని క్షేత్రముగా ప్రసిద్ధమైన ఈ ఊరు కర్ణాటక సరిహద్దునకు చేరువ. తెలుగు, ఉర్దూ, కన్నడము ఇచట ఒకదానితో ఒకటి ఇచ్చిపుచ్చుకొనుచు బ్రతుకుచున్నవి. ఈ ప్రాంతపు రైతు జహీరాబాదు న్యాయస్థానమున సాక్షిగా నిలిచినాడనుకొందము. వకీలు తెలుగున అడుగును. రైతు తన యాసలో బదులు చెప్పును. మన క్రింది న్యాయస్థానములలో పెక్కింట జరుగునట్లు, ఆ బదులు ఇంగ్లీషులోనికి మారి టైపు చేయబడును. తుదకు మిగులునది రైతు మాట కాదు. రైతు మాటను మరియొకరు అర్థము చేసికొన్న తీరు.

ఇందులో పోవునది యాస సొగసు మాత్రమే అయినచో నేనింతగా చింతింపను. పోవునది సాక్ష్యమే. "వాడే గొట్టిండట" అని సాక్షి అనినచో, చివరనున్న "అట" అను చిన్నమాటలో అతని నిజాయితీ అంతయు ఉన్నది. తాను చూడలేదనియు, వినినదే చెప్పుచున్నాననియు దాని భావము. అనువాదమున ఆ "అట" జారిపోయినచో వినికిడి కాస్త కన్నులజూచిన సాక్ష్యమై కూర్చుండును. "మనం బోయినం" అనుటకును, "మేం బోయినం" అనుటకును గల భేదము పసిబిడ్డకు తెలియును. మొదటిదానిలో వినుచున్నవాడును చేరును; రెండవదానిలో చేరడు. ఇంగ్లీషున రెండింటికిని ఒక్కటే మాట. గుంపుగా చేసిన నేరములలో ఎవడు ఉన్నాడు, ఎవడు లేడు అనునదే కదా ప్రశ్న!

వీనికంటెను ప్రమాదకరమైనది "అవును". "నీవు ఆ రాత్రి పొలము కాడ లేవు గదా?" అని వకీలు అడుగగా రైతు "ఔ సార్" అనును. లేననుట నిజమేనని అతని తాత్పర్యము. ఇంగ్లీషు పద్ధతిలో "ఎస్" అని మాత్రమే వ్రాసినచో ఉన్నాననియు అర్థమగును. ఇక వరుసల సంగతి. మన పల్లెలలో వయస్సును బట్టి ఎవరినైనను కాక అనియు, మామ అనియు, బావ అనియు పిలుతురు. ఆ పిలుపును పట్టుకొని, "నిందితుడు నీకు మామయేనా?" అని వకీలు అడిగి అవుననిపించినచో, చుట్టరికము లేనివాడు పక్షపాతముగల సాక్షియై పోవును. "పొద్దుగూకినంక" అనినవానిని గడియారపు గంట చెప్పుమని నిర్బంధించినచో, అతడు పెద్దల మాట కాదనలేక ఒక అంకె చెప్పును. మరునాడు ఆ అంకెయే అతని మెడకు చుట్టుకొనును.

చట్టము ఈ ప్రమాదమును ఎరుగకపోలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 312, 313 నిబంధనలను చూడుడు. సాక్షి న్యాయస్థాన భాషలో చెప్పినచో ఆ భాషలోనే వ్రాయవలెను; వేరొక భాషలో చెప్పినచో వీలైనంతవరకు అతని భాషలో, వీలుకానప్పుడు యథార్థమైన అనువాదముతో వ్రాయవలెను. వ్రాసినదానిని అతనికి చదివి వినిపించి, అవసరమైనచో దిద్దవలెను. పాత నేరవిచారణ ప్రక్రియాస్మృతిలోని నియమములే ఇవి. కాని పని ఒత్తిడిలో చదివి వినిపించుట ఒక తంతుగా మారినచో ఆ నియమములు ఎవరిని రక్షింపగలవు? సివిలు వ్యాజ్యములలో 2002 నుండి ముఖ్యవిచారణ ప్రమాణపత్ర రూపమున జరుగుచున్నది. దానిని వ్రాయునది వకీలు. వ్రేలిముద్ర వేయునది రైతు. తనది కాని వాక్యమునకు తాను జవాబుదారియై అతడు బోనులో నిలుచుచున్నాడు.

ఈ ప్రాంతమున ఈ అవస్థ నేటిది కాదు. హైదరాబాదు రాజ్యమున 1884లో పారశీకము పోయి ఉర్దూ రాజభాష అయ్యెను. తరువాత ఇంగ్లీషు వచ్చెను. పాలకుల భాష మారిన ప్రతిసారియు ప్రజలు కొన్ని మాటలు నేర్చుకొనిరి. అవియు తిన్నగా నిలువలేదు. ఉర్దూలో ముద్దయీ అనగా వాది. తెలుగులో ముద్దాయి అనగా నిందితుడు. ఫిర్యాదు చేసినవాని పేరే బోనులోనివానికి తగిలినది. ఒక భాషనుండి మరియొక భాషకు పోవునప్పుడు మాట ఎంతదూరము తప్పిపోగలదో చూపుటకు ఇంతకుమించిన నిదర్శనము అక్కరలేదు.

నోటి మాట సంగతి ఇట్లుండగా, దేహభాష సంగతి మరింత సున్నితమైనది. సాక్షి తీరును గూర్చి న్యాయమూర్తి తన అభిప్రాయమును వ్రాసికొనుటకు సంహితలోని 315వ నిబంధన అవకాశమిచ్చుచున్నది. సైగకును చట్టము గౌరవమిచ్చినది. 1885లో అలహాబాదు హైకోర్టు ఎదుటికి వచ్చిన కేసులో గొంతు తెగి మాటాడలేని ఒక యువతి, ప్రశ్నలకు చేతి కదలికతో చెప్పిన బదులును మరణవాఙ్మూలముగా అంగీకరించిరి. ఇది న్యాయమే. కాని కావలెనని చేసిన సైగ వేరు. తెలియకుండ పట్టిన చెమట వేరు.

ఈ విషయమున మన పొరుగువాడే ఒకడు తొమ్మిది వందల యేండ్ల క్రిందట గొప్ప హెచ్చరిక చేసినాడు. జహీరాబాదునకు పడమట బీదరు జిల్లాలోనున్న నేటి బసవకల్యాణమే నాటి చాళుక్యుల కల్యాణి. మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు అచటివాడు. ఒకచోట నిలువలేకపోవుట, పెదవుల మూలలు నాకుకొనుట, నుదుట చెమట పోయుట, మొగము వెలవెలబోవుట, గొంతెండి మాట తడబడుట - ఇవి దుష్టుని గుర్తులని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. దానికి వ్యాఖ్య వ్రాయుచు విజ్ఞానేశ్వరుడు, ఇవి ఓటమికి అవకాశమున్నదని సూచించునే గాని ఓటమిని నిశ్చయింపజాలవనెను. సహజముగా కలుగు వికారమేదో, కారణముచే కలిగిన వికారమేదో తెలిసికొనుట కష్టమని ఆయన చూపిన హేతువు. 2006లో బాండ్, డిపౌలో అను అమెరికా పరిశోధకులు అనేక ప్రయోగముల ఫలితములను కూర్చి చూడగా, ఎదుటివాడు చెప్పునది నిజమో అబద్ధమో మనుష్యులు సరిగా గుర్తించుట సగటున నూటికి 54 మాత్రమేయని తేలినది. నాణెము ఎగురవేసినను 50 వచ్చును గదా!

మన రైతు తలవంచి నిలుచును, పెద్దల కన్నులలో కన్నులు పెట్టి చూడడు, చేతులు కట్టుకొనును, గద్దించినచో మౌనము వహించును. ఇది మర్యాద. దీనినే తప్పుచేసినవాని తీరుగా చదువుకొన్నవారు చదివినచో ఆ చదువు సరియైనది కాదు. నిర్భయముగా, సూటిగా చూచుచు అబద్ధమాడువారు నగరములలో కొదువ లేరు.

అప్పీలును వినువారికి తెలుగు రాకపోవచ్చునని కొందరందురు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. కాని మూలము తెలుగున ఉండి అనువాదము దానిని వెంబడించినచో సందేహము కలిగినప్పుడు మూలమును చూడవచ్చును. మూలమే లేనిచో దేనిని చూచెదరు? 2021 జూలైలో సుప్రీంకోర్టున ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక స్త్రీ ఇంగ్లీషున తడబడగా, ప్రధానన్యాయమూర్తి ఎన్.వి. రమణగారు ఆమెను తెలుగున మాటాడనిచ్చి, తోటి న్యాయమూర్తికి తాత్పర్యము తెలిపిరి. భర్త జైలునకు పోయినచో ఉద్యోగమును, దానితో ఆమె భరణమును పోవునని తెలుగుననే వివరించిరి. ఏండ్ల తరబడి తెగని ఆ దంపతుల వివాదము సమాధానమునకు వచ్చినది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనము తెలుగున తీర్పునిచ్చినది. శిఖరమున సాధ్యమైనది మొదట అసాధ్యమెట్లగును?

తీర్పు తెలుగున రావలెనను కోరిక మంచిదే. దానికంటె ముందు సాక్ష్యము తెలుగున నిలువవలెను. సాక్షి పలికిన మాటను పలికినట్లే, "అట"తో సహా వ్రాయవలెను. చదివి వినిపించుట నిజముగా జరుగవలెను. ధ్వనిముద్రణ సాధనములున్న ఈ కాలమున అతని కంఠమును భద్రపరచుటకును అడ్డులేదు. న్యాయమూర్తుల, వకీళ్ల శిక్షణలో ప్రాంతముల పలుకుబడికిని, మర్యాదలకును చోటీయవలెను.

మితాక్షరను 13వ శతాబ్దిలో విజ్ఞానేశ్వరీయముగా తెనిగించిన కేతనయే ఆంధ్రభాషాభూషణమను తెలుగు వ్యాకరణమును రచించెను. ధర్మశాస్త్రమును, వ్యాకరణమును ఒక్క చేతితో వ్రాసిన ఆ మహాకవికి ఈ రెండింటి చుట్టరికము తెలిసియుండవలెను. ఒక ప్రత్యయము జారినచో వ్యాకరణమున అది దోషము. న్యాయస్థానమున ఒక మనుష్యుని బ్రతుకు.