పంటల బీమా చూశాం, ఇక ఒంటికీ బీమానా?

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీమా కంపెనీ ద్వారానే నడిచింది. తర్వాత ట్రస్టు నేరుగా నడిపింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మళ్లీ కంపెనీలను పిలిచింది. రెండున్నర లక్షల దాకా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు కడతాయట.

కంపెనీల సంగతి రైతుకు కొత్తగా చెప్పాలా? పంటల బీమాలో ప్రీమియానికి గడువు ఉంటుంది, పరిహారానికీ నిబంధనల్లో గడువు ఉన్నా చేతికి ఆలస్యంగా అందుతుంటుంది. మన చేలో కంది ఎండినా, యూనిట్ సగటు బాగుంటే పైసా రాదు. రేపు ఆపరేషన్‌కీ ఇలాంటి కొర్రీలే పెడితే ఎవరిని అడగాలి?

ట్రస్టు సవ్యంగా నడిచిందని మేం అనడం లేదు. బకాయిలు ఇవ్వలేదని 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. ఆ జబ్బుకు మందు బకాయి కట్టడమే గానీ, మధ్యలో ఇంకొకరిని కూర్చోబెట్టడం కాదు.

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిపోతున్నాయి. ఏ కార్డూ మంచినీళ్లు ఇవ్వదు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ల కోసం ఒక తరం ఎదురుచూసింది. దగ్గర్లో పెద్దాసుపత్రి వస్తుందనుకుంటే, మార్కాపురం వైద్య కళాశాలను ఆదోని, మదనపల్లె, పులివెందులతో పాటు పీపీపీ తొలి జాబితాలో చేర్చారు.

మా డిమాండ్లు ఇవి: కళాశాల, ఆస్పత్రి ప్రభుత్వమే నడపాలి. బకాయిలు చెల్లించి, వైద్యసేవను ట్రస్టు చేతిలోనే ఉంచాలి. ఊరూరా రక్షిత నీరివ్వాలి. ప్రతి గ్రామసభలో ఈ మూడింటిపై తీర్మానం చేయించండి. అడగకుండా మన నేలకు ఏదీ రాలేదు.