పళ్ళ సందు ఐబా, హుస్నా?

మొన్న మా ఆపా కూతురికి రిష్తా చూడటానికి వచ్చారు. చాయ్ తాగి, దువా ఇచ్చి, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఒక మాట అన్నారు: "లడ్కీ అచ్ఛీ హై, ఆ ముందు పళ్ళ సందు ఒక్కటే..." ఆ రోజు నుంచి పిల్ల దుపట్టా అడ్డం పెట్టుకోకుండా నవ్వడం లేదు.

ఇంటికొచ్చి లుగత్ తీశాను. పళ్ళ మధ్య సందుకు అరబీలో 'ఫలజ్' అని పేరు. ఫే, లామ్, జీమ్. ఈ మూడు హర్ఫుల అసలు మతలబ్ చీలడం, పంచడం. ఒమన్‌లో నీళ్ళను వాటాలుగా పంచే పాతకాలపు కాలువ కూడా ఫలజే. అలాంటివి 5 కాలువలను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఇళ్ళల్లో అనే 'ఫాలిజ్' కూడా ఈ ఖాందాన్‌దే. ఒళ్ళు సగానికి చీలినట్టు ఒక పక్క పడిపోవడం. తెలుగు పక్షవాతంలో పక్షం అన్నా పక్కే కదా!

ఇక అసలు సంగతి. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్ (రజి) రివాయత్ ఒకటుంది. అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునే ఆడవాళ్ళ మీద అందులో లానత్ ఉంది. వాళ్ళను 'ముతఫల్లిజాత్' అన్నారు. గమనించండి, సందు మూయించుకునేవాళ్ళు కాదు, చేయించుకునేవాళ్ళు! 13వ శతాబ్దపు ఇమామ్ నవవీ దీన్ని విప్పి చెప్పారు. సన్నటి సందు పడుచుపిల్లల పళ్ళకు ఉండే సొగసు. వయసు మళ్ళినవాళ్ళు చిన్నగా కనపడాలని పళ్ళను అరగదీయించుకునేవారట.

అంటే అప్పట్లో హుస్న్ అనుకున్నదాన్నే ఇవాళ మనం ఐబ్ అంటున్నాం. పళ్ళు అవే, నజర్ మారింది.

ఇలాజ్‌కు నేను ఖిలాఫ్ కాదు. నమలడానికో, మాట్లాడటానికో తక్లీఫ్ ఉంటే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. ఇలాజ్ కోసమైతే, పంటిలో ఐబ్ ఉంటే ఫరవాలేదని నవవీ గారే రాశారు. కానీ ఏది ఐబో తేల్చేది డాక్టరు, రిష్తాకు వచ్చినవాళ్ళు కాదు. పళ్ళు చూసి బేరమాడేది సంతలో ఎద్దులకు.

"మామూ, క్లిప్పులు వేయించుకోవాలా?" అని అడిగింది పిల్ల.

"నొప్పి ఉందా బేటా?"

"లేదు మామూ."

"మరి దుపట్టా తీసెయ్" అన్నాను.

ఆ రిష్తా పోతే పోనీ అని ఆపాకు కూడా చెప్పాను. మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే, ఆ మాట ముందు మీరే చెప్పండి.