సిగ్నల్ ఉంది.. సేవ లేదు!

సెల్‌ఫోనులో గీతలన్నీ నిండుగానే కనిపిస్తాయి. రేషను డీలరు చేతిలోని యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వేలిముద్ర తీసుకోదు, బియ్యం అందవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఈ అవస్థ ఎరగని వారు అరుదు. తప్పు టవరుదని కొందరు, డీలరుదని కొందరు, పనిచేసి అరిగిపోయిన వేలిదని ఇంకొందరు అంటారు. కొన్నిసార్లు అసలు కారణం వీటిలో ఏదీ కాదు.

టవరు మన ఊళ్ళోనే ఉన్నా, డేటా బయటికి పోయే తలుపు ఎక్కడో పెద్ద నగరంలో ఉంటుంది. దానినే గేట్‌వే అంటారు. ఫోనుకు ఒక చిరునామా ఇవ్వడం, వాడిన డేటాకు లెక్క కట్టడం, ఇంటర్నెట్‌లోకి దారి చూపడం దాని పని. గొట్టా బ్యారేజీతో పోల్చుకుంటే సులువుగా బోధపడుతుంది. వంశధార ఎడమ కాలువ గట్లు ఎంత పటిష్ఠంగా ఉన్నా, హిరమండలం దగ్గర తలుపులు దించేస్తే శివారు పొలానికి చుక్క నీరు రాదు.

గేట్‌వే తలుపును నడిపేది సాఫ్ట్‌వేరు. లోపాలు సరిదిద్దడానికి, పెరిగే ఫోన్లకు తగినట్టు సర్దడానికి కంపెనీలు దానిని మారుస్తూ ఉంటాయి. మార్చక తప్పదు. అయితే పైన చిన్నదనుకున్న మార్పు కింద పెద్ద చిక్కు తెస్తుంది. ఉలుకూ పలుకూ లేని ఫోనుకు ఎంతసేపు దారి తెరిచి ఉంచాలన్న గడువును తగ్గించారనుకుందాం. ఏకధాటిగా సినిమా చూసే కుర్రవాడికి తేడా తెలియదు. ఒక కార్డుకూ మరో కార్డుకూ మధ్య ఊరకే ఉండే రేషను యంత్రానికి మాత్రం దారి తెగిపోతుంది. దారి ఉందనే యంత్రం అనుకుంటుంది. గేట్‌వే అప్పటికే దానిని మరచిపోయి ఉంటుంది.

సంపన్న దేశాలకే ఈ తిప్పలు తప్పలేదు. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓ2 కంపెనీ ఖాతాదారులు కోట్ల మందికి డేటా నిలిచిపోయింది. ఎరిక్సన్ సరఫరా చేసిన సాఫ్ట్‌వేరులో ఒక ధ్రువపత్రానికి గడువు తీరిపోవడమే కారణమని తేలింది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ కంపెనీ రూటర్ల అమరికలో ఒక వడపోతను తొలగించడంతో కోటీ 20 లక్షల మందికి పైగా సేవలు ఆగిపోయాయి. అత్యవసర ఫోన్లు కూడా వెళ్ళలేదు. టవర్లు మాత్రం ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చివేసినప్పుడు కూలిన స్తంభం అందరి కళ్ళకూ కనిపించింది. గేట్‌వేలో జరిగే తప్పు ఎవరికీ కనిపించదు. కనిపించని తప్పుకు జవాబు చెప్పేవారూ ఉండరు.

నష్టం మాత్రం పల్లెదే. ఒకటో తేదీన ముసలమ్మకు పింఛను వేలిముద్ర మీదే ఆధారపడి ఉంది. ఉపాధి హామీ కూలీల హాజరును 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్‌లోకే మార్చారు. వెరావల్ వెళ్ళిన మత్స్యకారుడు ఇంటికి పంపే డబ్బు కూడా ఫోనులోనే వస్తోంది. డేటా ఇప్పుడు సరదా కాదు, తిండిగింజల దారి.

జిల్లాలో సేవలు 24 గంటలకు మించి ఆగితే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గించాలనీ, ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలనీ ట్రాయ్ 2024లో నిబంధన చేసింది. మంచిదే. కాని కూలి మనిషికి మూడు గంటలు పోతే రోజంతా పోయినట్టే. ఆ మూడు గంటలు ఏ లెక్కలోకీ రావు.

కరెంటు మరమ్మతులకు ఏ ఊళ్ళో ఎంతసేపు కోత ఉంటుందో ముందుగా పత్రికల్లో ప్రకటిస్తున్నారు. గేట్‌వే మార్పులకూ అదే పద్ధతి పాటించాలి. పింఛన్ల రోజున, రేషను ఇచ్చే రోజుల్లో అలాంటి మార్పుల జోలికి పోరాదు. మొదట కొద్దిమందికి పెట్టి చూసి, తేడా వస్తే వెంటనే పాత పద్ధతికి తిప్పాలి. యంత్రం మొరాయించిన పూట సంతకంతో సరుకు, పుస్తకంలో హాజరు ఇచ్చే అధికారం కింది ఉద్యోగికి ఉండాలి. ఇరు జిల్లాల కలెక్టర్లు టెలికం కంపెనీల ప్రతినిధులను పిలిపించి ఈ విషయం తేల్చడం అవసరం.

నగరంలో ఎవరో తలుపు సర్దుకుంటే, పల్లెలో ముసలమ్మ ఖాళీ సంచితో ఇంటికి పోవడం న్యాయం కాదు.