హడావుడి విచారణ ఎవరికి మేలు?

ప్రొఫెసర్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తుంది. విద్యార్థులు ధర్నాకు కూర్చుంటారు. సాయంత్రానికల్లా వీసీ ఒక 'నిజనిర్ధారణ కమిటీ' వేసి, వారంలో నివేదిక అంటారు. శిబిరం ఎత్తేస్తారు. జాగ్రత్త, కేసు గాడి తప్పేది అక్కడే.

గోవా విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చూడండి. 2009లో ఒక విభాగాధిపతి మీద విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. మార్చి, మే నెలల మధ్య కమిటీ 18 సార్లు సమావేశమైంది. చాలావరకు వరసబెట్టి, ఒక్కోసారి రోజుకు రెండేసి. ఒంట్లో బాగాలేదు, గడువు కావాలని ఆయన అడిగితే, అడిగినంత ఇవ్వలేదు. 2010లో ఉద్యోగం తీసేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆయన నిర్దోషి అని కాదు, తన వాదన చెప్పుకునే వీలు సరిగా ఇవ్వలేదని. విచారణను 2009 మే నాటి దశ నుంచి మళ్లీ జరపమంది. పద్నాలుగేళ్ల తర్వాత! ఫిర్యాదు చేసినవాళ్లకు ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?

అలాగని నాన్చమని కాదు. 2025 జులైలో ఒడిశాలోని బాలాసోర్‌లో, విభాగాధిపతి మీద ఫిర్యాదు చేసి విసిగిపోయిన విద్యార్థిని ప్రాణాలు తీసుకుంది.

యూజీసీ 2015 నిబంధనల్లో దారి స్పష్టంగానే ఉంది. విచారణ చేయాల్సింది అంతర్గత ఫిర్యాదుల కమిటీ. అందులో వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ ఉండకూడదు. బయటి సభ్యులొకరు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన కేసైతే, ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు కూర్చోవాలి (ఎన్ని క్యాంపస్‌లలో ఈ ఎన్నిక జరిగిందో అడిగి చూడండి, మొహాలు చూసుకుంటారు). ఫిర్యాదు కాపీ 7 రోజుల్లో అవతలివారికి చేరాలి, 10 రోజుల్లో జవాబు రావాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి.

మీరే ఫిర్యాదు చేయాల్సి వస్తే, రాతపూర్వకంగా, ఘటన జరిగిన మూడు నెలల్లోపే ఇవ్వండి. మీ దగ్గరుంచుకునే కాపీ మీద తేదీతో ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. నిందితుడు మీ పేపర్లు దిద్దకుండా చూడమని కమిటీని అడిగే హక్కు మీకుంది. 'ఆయనకూ పిల్లలున్నారమ్మా' అంటూ రాజీకి వచ్చే పెద్దమనుషులను నమ్మొద్దు. రాజీ మీరు కోరితేనే, అదీ డబ్బు మాట లేకుండానే.

కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు వెబ్‌సైట్‌లో పెట్టాలని గోవా కేసులోని ఆ 2023 తీర్పే ఆదేశించింది. మీ వర్సిటీ వెబ్‌సైట్‌లో కనిపించకపోతే, ఫిర్యాదు అవసరం వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే రిజిస్ట్రార్‌కు రాసి అడగండి.