జాబితా రాసే చేయి



“బొమ్మల కథలు పిల్లల కాలక్షేపం కదా, ఈ వయసులో మీకెందుకు మాస్టారూ?” అని మిత్రుడొకరు పరిహసించారు. తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఎవరి పేరు చరిత్రకెక్కుతుందో, ఎవరిది జారిపోతుందో గమనించడం నా చదువు నేర్పిన అలవాటు. ఆ అలవాటు కొద్దీ నాలుగు మాటలు.

ఫ్రాన్సు దేశంలోని ఆంగులేమ్ పట్టణంలో 1974లో ఆరంభమైన కామిక్స్ ఉత్సవం జగత్ప్రసిద్ధం. అక్కడి గ్రాండ్ ప్రి, ఒక కళాకారుని సమగ్ర కృషికి ఇచ్చే పురస్కారం. 2016 జనవరిలో దానికోసం 30 మంది పేర్లు ప్రకటించారు. అందులో స్త్రీ ఒక్కరూ లేరు. అప్పటికి ఆ పురస్కారం పొందిన మహిళ 2000లో ఫ్లోరాన్స్ సెస్తాక్ ఒక్కరే. అంతకుముందు 1983లో క్లేర్ బ్రెతెషేకు ఇచ్చినది దశమ వార్షికోత్సవ ప్రత్యేక బహుమతి.

రచయిత్రుల బృందం ఓటింగును బహిష్కరించమని పిలుపునిచ్చింది. నిర్వాహకులేమన్నారు? కామిక్స్ చరిత్రలో స్త్రీలు తక్కువ, చరిత్రను మేము మార్చలేము అన్నారు. లూవ్ర్ ప్రదర్శనశాలలో మాత్రం ఎందరు చిత్రకారిణులున్నారని ఎదురు ప్రశ్న వేశారు.

ఎంత సుఖమైన సమాధానం! చరిత్ర ఆకాశం నుండి ఊడిపడుతుందా? నిన్నటి జాబితాలే కదా నేటి చరిత్ర! తామే తలుపు మూసి, లోపల ఎవరూ లేరనడం ఏ తర్కశాస్త్రం?

జాబితాలో ఉన్న రియాద్ సత్తూఫ్ తన పేరు ఉపసంహరించుకొని, తన స్థానం ఇవ్వదగినవారిగా రూమికో తకహాషి, జూలీ దూసే, అనూక్ రికార్ మొదలైనవారిని పేర్కొన్నాడు. డేనియల్ క్లోస్ వంటివారూ వైదొలిగారు. చివరికి నిర్వాహకులు జాబితానే రద్దుచేశారు. తర్వాత ఏమైంది? 2019లో తకహాషి, 2022లో దూసే, 2024లో పోజీ సిమండ్స్, 2025లో రికార్ గ్రాండ్ ప్రి గ్రహీతలయ్యారు. తకహాషి 1978 నుండి గీస్తున్న వ్యక్తి. ఆమె హఠాత్తుగా ప్రతిభావంతురాలయిందా? మారినది ఆమె కుంచె కాదు, చూసేవారి చూపు.

“ప్రతిభకు ఆడా మగా భేదమేమిటి?” అంటారు కొందరు. లేదు, నిజమే. ఆ భేదం ఎంచేవారి మనసులో ఉన్నది. మన రాగతి పండరిగారు 2015లో కన్నుమూసే దాకా దశాబ్దాలపాటు వ్యంగ్యచిత్రాలు గీశారు. ఆమెను “ఏకైక మహిళా కార్టూనిస్టు” అని మెచ్చుకుంటూనే వచ్చాము. ఆ “ఏకైక” ఆమెకు కీర్తి, మనకు అపకీర్తి. రెండవవారు ఎందుకు రాలేదని అడిగామా?

నేనూ అడగలేదు. మా పాఠశాల లిఖిత పత్రికలో బొమ్మల పుటలు మగపిల్లలకు, కథలు ఎత్తిరాసే పని ఆడపిల్లలకు పంచినవాణ్ణి. ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె నోటుపుస్తకం వెనుక పుటల్లో పరమానందయ్య శిష్యుల కథను గళ్లుగళ్లుగా గీసి చూపించింది. నవ్వు ఆపుకోలేకపోయాను. అయినా, “నీ దస్తూరి ముత్యాలకోవ, నువ్వు ఎత్తిరాయి తల్లీ” అన్నాను. అది మెచ్చుకోలనే అనుకున్నాను. ఆమె మళ్లీ బొమ్మ తెచ్చి చూపలేదు.

ఆంగులేమ్ పెద్దలను నిందించే అర్హత నాకు లేదనవచ్చు. వారి తప్పు నేనూ చేశాను గనుకనే దాని స్వరూపం నాకు తెలుసు. పురస్కారాల పెద్దలూ, సంపాదకులూ, ఉపాధ్యాయులూ జాబితా ముగించేముందు ఎవరిని మరిచామని ఒక్కసారి ప్రశ్నించుకోవాలి. నేను ప్రశ్నించుకునేసరికి పదవీవిరమణ అయిపోయింది.