బోగీలు ఇక్కడ... జనం అక్కడ!

చెన్నై-కోల్‌కతా హైవేలో తడ మీదుగా వెళ్లేవాళ్లకు అప్పుడప్పుడూ ఓ వింత ఎదురవుతుంది. లెక్కలేనన్ని చక్రాలున్న పొడవాటి ట్రెయిలర్. దాని మీద కప్పేసిన రైలు బోగీ. రైలు రోడ్డెక్కడమేమిటని కొత్తవాళ్లు తల తిప్పి చూస్తారు. తడ, సత్యవేడు, వరదయ్యపాలెం వాళ్లు మాత్రం చూడరు. వాళ్లకది మామూలే!

శ్రీసిటీలోని ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో తయారయ్యే మెట్రో బోగీలవి. చెన్నై మెట్రో కోసం 2010లో ఆ కంపెనీకి 42 రైళ్ల ఆర్డరు దక్కింది. మొదటి తొమ్మిదీ బ్రెజిల్ నుంచి రాగా, మిగిలిన 33 రైళ్లూ సత్యవేడు గడ్డ మీదే తయారయ్యాయి. తర్వాత కోచి, లక్నో... ఆ తర్వాత ఏకంగా ఓడెక్కి సిడ్నీ, మాంట్రియల్! 2019 మే 26న మొదలైన సిడ్నీ మెట్రోలో డ్రైవరు లేకుండా తిరుగుతున్న ఆరు బోగీల రైళ్లు ఇక్కడివే. ముంబయిలో ఆరే కాలనీ నుంచి కఫ్ పరేడ్ దాకా 33.5 కిలోమీటర్లు దాదాపు పూర్తిగా నేల కిందే నడిచే ఆక్వా లైన్ రైళ్లూ ఇక్కడివే. ఆ లైన్లో 27 స్టేషన్లుంటే ఒక్క ఆరే తప్ప అన్నీ భూగర్భంలోనివే.

ఇంతవరకూ గర్వంగానే ఉంటుంది. కానీ బోగీ ఎంత మెరిసినా అందులో జనం లేకపోతే ఇనుప డబ్బానే కదా! అందుకే మెట్రో నడిపేవాళ్లు రోజూ పొద్దున్నే చూసుకునేది బోగీల లెక్క కాదు, స్టేషన్ల లెక్క. నిన్న ఏ స్టేషన్‌లో ఎందరు ఎక్కారు? ఎందరు దిగారు? రైళ్లు ఎన్ని నిమిషాలకొకటి నడపాలి, ఎక్కడ గేట్లు పెంచాలి, ఏ స్టేషన్‌కు సిటీ బస్సు కలపాలి, ఏ దుకాణానికి ఎంత అద్దె అడగొచ్చు... అన్నీ ఆ అంకెల మీదే తేలతాయి.

మన హైదరాబాద్ సంగతే తీసుకోండి. 2017 నవంబరులో మొదలైన మెట్రో 2023 జులై 3న తొలిసారి ఒక్కరోజులో ఐదు లక్షల మార్కు దాటింది. ఆ రోజు ఎక్కినవారు 5.10 లక్షలు. మియాపూర్-ఎల్బీనగర్ లైన్లో 2.60 లక్షలు, నాగోలు-రాయదుర్గం లైన్లో 2.25 లక్షలు, జేబీఎస్-ఎంజీబీఎస్ లైన్లో పాతిక వేలు. స్టేషన్లలో మొదటి స్థానం ఎవరిదో ఊహించండి.

అమీర్‌పేట అనుకుంటే పొరపాటే! రెండు లైన్లు కలిసే చోటు, కోచింగ్ సెంటర్ల అడ్డా, ఎప్పుడు చూసినా భుజాలు రాసుకునేంత రద్దీ. అయినా ఆ రోజు దాని స్థానం మూడు. సుమారు 32 వేలతో రాయదుర్గం మొదటిది. 30 వేలతో ఎల్బీనగర్ రెండోది. అమీర్‌పేటకు 29 వేలు, మియాపూర్‌కు 23 వేలు.

ఎందుకలా? గుట్టంతా లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. మెట్రోలో జనాన్ని లెక్కపెట్టేది మనిషి కాదు, గేటు. కార్డో, టోకెనో, క్యూఆర్ కోడో చూపించి గేటు దాటితేనే మీరు లెక్కలోకి వస్తారు. నాగోలులో ఎక్కి, అమీర్‌పేటలో మెట్లెక్కి మరో రైలు అందుకుని మియాపూర్‌లో దిగినవాళ్లు అమీర్‌పేట గేటు ముఖం చూడరు. అక్కడి ప్లాట్‌ఫారం మీద నలిగిపోయినా, ఎస్కలేటర్ దగ్గర తోపులాడినా అమీర్‌పేట ఖాతాలో పడరు. పైన చెప్పిన మూడు లైన్ల అంకెల్నీ కూడి చూడండి, సరిగ్గా 5.10 లక్షలే వస్తుంది. అంటే దారిలో లైను మారినవాళ్లను రెండోసారి లెక్కపెట్టలేదన్నమాట. మరి అమీర్‌పేట రద్దీని ఆ 29 వేలను చూసి అంచనా వేస్తే ఎలా?

రాయదుర్గం, ఎల్బీనగర్, మియాపూర్... ఈ మూడింటికీ ఓ పోలిక ఉంది. మూడూ లైను చివరి స్టేషన్లే. మధ్యలోని స్టేషన్‌కు చుట్టుపక్కల అరకిలోమీటరు నుంచో, కిలోమీటరు నుంచో జనం వస్తారు. ఆ పక్కవాళ్లను పక్క స్టేషన్ లాగేసుకుంటుంది. చివరి స్టేషన్‌కు ఆ పోటీ లేదు. ఎల్బీనగర్ దాటాక వనస్థలిపురం, హయత్‌నగర్, ఇంకా విజయవాడ రోడ్డున వచ్చేవాళ్లందరికీ అదే మొదటి మెట్టు. రాయదుర్గం అవతల గచ్చిబౌలి వైపు ఉద్యోగులకూ అంతే. ఆ రోజు సగటు చూస్తే స్టేషన్‌కు తొమ్మిది వేల మంది కూడా లేరు. కానీ 57 స్టేషన్లలో ఈ నాలుగే మొత్తం జనంలో ఐదో వంతుకు పైగా మోశాయి. సగటు అనేది ఎంత మోసగత్తెదో చూశారా!

పాతిక వేల దగ్గర ఆగిపోయిన జేబీఎస్-ఎంజీబీఎస్ లైన్‌ను చూసి 'అటు జనమే లేరు' అనేవాళ్లున్నారు. ఆ మాట అన్యాయం. అది పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైను. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ వరకే, తొమ్మిది స్టేషన్లతో మొదలైంది. సగం దారిలో ఆపేసి జనం రాలేదంటే ఎలా? జనం లేక లైను ఆగిందా, లైను ఆగి జనం లేరా?

చెన్నై అనుభవం ఇందుకు మంచి జవాబు. 2015 జూన్ 29న మెట్రో మొదలైనప్పుడు అది కోయంబేడు నుంచి ఆలందూరు దాకా ఏడు స్టేషన్ల ముక్క. శ్రీసిటీ బోగీలు చాలావరకు ఖాళీగా తిరిగాయి. ఇంత డబ్బు పోసి కట్టింది ఇందుకా అన్న మాటలూ వినిపించాయి. 2017లో మొదటి భూగర్భ మార్గం తెరుచుకుంది. 2019 ఫిబ్రవరికి తొలిదశ పూర్తయింది. సెంట్రల్ స్టేషన్, ఎయిర్‌పోర్టు, గిండీ, థౌజండ్ లైట్స్... అన్నీ ఒకే తాటికి చేరాయి. మధ్యలో కొవిడ్ దెబ్బ తగిలినా 2022లో 6.09 కోట్ల మంది ప్రయాణించారు. 2023లో 9.11 కోట్లు, 2024లో 10.52 కోట్లు. బోగీలు అవే, స్టేషన్లూ చాలావరకు అవే. తేడా అల్లా ఒక చోటు నుంచి ఇంకెన్ని చోట్లకు వెళ్లొచ్చన్నదే.

ఒకే ఊళ్లోనే ఇంత తిరకాసు ఉంటే దేశాల మధ్య పోలిక ఇంకా చిక్కు. 2019లో లండన్ భూగర్భ రైలులో కింగ్స్‌క్రాస్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ లెక్క 8.8 కోట్లు. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ స్టేషన్‌ది 6.5 కోట్లు. ఏది పెద్దది? చిన్నపిల్లాడైనా లండన్ అంటాడు. కానీ లండన్ వాళ్లు లోపలికి వచ్చినవాళ్లనూ, బయటికి వెళ్లినవాళ్లనూ కలిపి చెబుతారు. న్యూయార్క్‌లో దిగేటప్పుడు కార్డు చూపించే పనే లేదు కాబట్టి అక్కడ ఎక్కినవాళ్లదే లెక్క. లండన్ అంకెను సగం చేస్తే 4.4 కోట్లు. ఇప్పుడు టైమ్స్ స్క్వేర్ ముందుకొచ్చేసింది!

టోక్యోలోని షింజుకు కథ ఇంకా తమాషా. ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ పుస్తకంలోకెక్కిన చోటది. రోజుకు 35 లక్షల మంది అని చెబుతారు. అక్కడ ప్రధాన రైలు సంస్థ జేఆర్ ఈస్ట్ ఏటా ప్రకటించే జాబితాలో మాత్రం 2018లో షింజుకు అంకె రోజుకు 7.8 లక్షల చిల్లర. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. జేఆర్ ఈస్ట్ చెప్పేది తన రైళ్లు ఎక్కినవాళ్ల గురించి మాత్రమే. గిన్నిస్ లెక్కలో అక్కడికొచ్చే ఐదు సంస్థల రైళ్లూ, ఎక్కినవాళ్లూ, దిగినవాళ్లూ అందరూ ఉన్నారు. ఒకే మనిషి పొద్దున దిగి ఓసారి, సాయంత్రం ఎక్కి ఓసారి లెక్కలో పడతాడు. ఇంకో సంస్థ రైలు మారితే మరోసారి!

ఇవన్నీ లెక్కల మాస్టార్ల కాలక్షేపం అనుకోవడానికి లేదు. హైదరాబాద్ మెట్రోను నడిపిన ఎల్ అండ్ టీ ఏళ్ల తరబడి నష్టాల గురించి చెబుతూనే ఉంది. అనుకున్నంతమంది ఎక్కకపోవడం అందులో పెద్ద కారణం. చివరికి 2025 సెప్టెంబరులో దాదాపు 13 వేల కోట్ల రూపాయల అప్పుతో సహా ఆ మెట్రోను తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కట్టకముందు కాగితం మీద వేసిన ప్రయాణికుల అంచనాకూ, గేటు చెప్పిన నిజానికీ మధ్య తేడా వస్తే ఆ భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆ అంచనాల వంతు విశాఖ, విజయవాడలది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం రెండు నగరాల మెట్రో నివేదికలకు ఆమోదం తెలిపింది. విశాఖలో తొలిదశ 46 కిలోమీటర్ల పైచిలుకు, విజయవాడలో 38 కిలోమీటర్లు. ఇలాంటి నివేదికల్లో ఏ స్టేషన్‌లో ఎందరెక్కుతారన్న పట్టికలుంటాయి. అందులో ఎక్కేవాళ్లనే చెప్పారా, దిగేవాళ్లనూ కలిపారా, లైను మారేవాళ్లు ఉన్నారా లేరా, తొలి ముక్కకు వేసిన అంకా లేక అన్నీ పూర్తయ్యాక అంకా... ఈ నాలుగూ అడిగితే చాలు, పట్టిక అసలు రంగు బయటపడుతుంది. అడిగే ఓపిక అసెంబ్లీలో ఉంటుందో, టీ కొట్టు దగ్గర ఉంటుందో చూడాలి.

మరో చిత్రం కూడా ఉంది. హైదరాబాద్ రైళ్లు దక్షిణ కొరియాలోని హ్యుందాయ్ రోటెమ్ నుంచి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మెట్రోనే లేదు. అంటే శ్రీసిటీలో తయారైన మెట్రో బోగీ తెలుగు నేల మీద జనాన్ని ఎక్కించుకుని తిరిగింది ఇప్పటిదాకా లేదు. సిడ్నీలో కెలీవిల్ వైపు కాపురముండే తెలుగు ఇల్లాలు రోజూ ఎక్కే బోగీని, దాన్ని బిగించిన వరదయ్యపాలెం కుర్రాడు ఎక్కాలంటే చెన్నైకి పోవాల్సిందే.

ఆ కుర్రాడు చెన్నై ఎలా పోతాడు? దగ్గరలో ఉన్నవి తడ, సూళ్లూరుపేట స్టేషన్లు. చెన్నై-గూడూరు లైన్లో లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి, దూరం 83 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌కు ముందు ఈ స్టేషన్లు నెల్లూరు జిల్లా, శ్రీసిటీ చిత్తూరు జిల్లా. ఇప్పుడన్నీ తిరుపతి జిల్లాలోవే. ఇక్కడా లెక్కలున్నాయి. 2017 నుంచి రైల్వే తన స్టేషన్లను ఆదాయంతోపాటు ప్రయాణికుల సంఖ్యనూ చూసి తరగతులుగా విడదీసింది. ఏటా 500 కోట్ల ఆదాయమో, రెండు కోట్ల ప్రయాణికులో దాటితే సబర్బన్ కాని స్టేషన్లలో మొదటి తరగతి. ప్లాట్‌ఫారం మీద బెంచీలెన్ని, కుళాయిలెన్ని, ఫ్యాన్లెన్ని అన్నది ఆ తరగతిని బట్టే. ఇక్కడ గేట్లు లేవు కాబట్టి లెక్క చెప్పేది టికెట్. టికెట్ కొనకుండా ఎక్కినవాడు తన బెంచీని తానే పోగొట్టుకున్నట్టు!

శ్రీసిటీలో రెండొందలకు పైగా కంపెనీలున్నాయి. షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సులు బారులు తీరతాయి. సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు, అటు గుమ్మిడిపూండి దాకా జనాన్ని దింపేది ఆ బస్సులే. ఆ జనమంతా తడ స్టేషన్ లెక్కలో కనిపించరు. రైలు వేళలు షిఫ్టు వేళలతో కలిస్తే వాళ్లలో ఎందరు రైలెక్కుతారో ఆ టికెట్ల పట్టిక చెప్పలేదు.

చెన్నై వెళ్లేవాళ్ల సంగతి వేరు. పొద్దున లోకల్‌లో తడలో ఎక్కి, మూర్ మార్కెట్ దగ్గర దిగి, మెట్లు దిగి సెంట్రల్ మెట్రోలోకి వెళ్తారు. చెన్నై మెట్రో నెలనెలా ప్రకటించే జాబితాల్లో తరచూ పైన ఉండే స్టేషనది. అక్కడ గేటు వాళ్లను లెక్కపెడుతుంది, సెంట్రల్ ప్రయాణికులుగా.