విశాఖ కొలిమి - భాగ్యనగరపు బాధ్యత

సైబరాబాదునందు చమురు శుద్ధికర్మాగారము లేదు. మాదాపూరు మొదలు గచ్చిబౌలి వఱకు అద్దాల మేడలే గాని పొగగొట్టము కానరాదు. కావున కర్మాగారములు తిను ఇంధనముతో మనకేమి పని యని ఇచటి విద్యాధికులు కొందఱు తలంచుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. విశాఖపట్టణమున శుద్ధియైన ఇంధనము విజయవాడ మీదుగా సికిందరాబాదునకు గొట్టపుదారిని వచ్చుచున్నది. సుఖము మనది, పొగ విశాఖది!

ముడిచమురును సుమారు 350 సెంటిగ్రేడు డిగ్రీలకు కాచినగాని పెట్రోలు, డీసెలు, కిరసనాయిలు వేఱుపడవు. కాచుటకును, ఆవిరికిని, విద్యుత్తునకును చమురులో నూటికి ఆఱు మొదలు పది పాళ్ల మేర వ్యయమగుట సాధారణము. మన దేశమునకు వలయు ముడిచమురులో నూటికి ఎనుబది పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. అట్టియెడ కొలిమిలో వృథాగా కాలు ప్రతి బొట్టును మనము పరులకు చెల్లించు కప్పమే గదా!

నివారణ దుర్లభము కాదు. వెలువడు సరకుల వేడిమిని లోనికి వచ్చు చల్లని చమురునకు పట్టించుట, ఆ గొట్టములలో పేరుకొను మడ్డిని వేళకు తీసివేయుట, కొలిమికి మితిమీఱి గాలి నీయకుండుట, ఆవిరి కాఱుచోట్లను మూయుట - ఇవి క్రొత్త విద్యలు కావు; వలయునది శ్రద్ధ.

గంధకమును తొలగించుటకు అధికశక్తి వలయునని వాదింపవచ్చును. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలైన బి.యస్.-6 ఇంధనమునకు హైడ్రోజను వలయుట, హైడ్రోజనును చేయుటకు శక్తి వలయుట నిజమే. అందుచేతనే తక్కినచోట్ల పొదుపు మఱింత ఆవశ్యకము.

2001నాటి శక్తిపొదుపు చట్టము క్రింద 2016-19 ఆవృత్తియందు శుద్ధికర్మాగారములకును లక్ష్యములు విధించిరి. కాని లక్ష్యము తప్పినవాడు, మిగిల్చినవాని సర్టిఫికెట్టు కొని బయటపడవచ్చునట! చట్టము తృప్తిపడునేమో, కొలిమి దుబారా మానునా?

1957లో కాల్టెక్సు నెలకొల్పిన విశాఖ కర్మాగారమును 1976లో భారత ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియమున చేరెను. ప్రభుత్వపు సొత్తనగా ప్రజల సొత్తే. పీపా ఒక్కింటికి ఎంత శక్తి వ్యయమయ్యెనో, నిరుటికంటె ఎంత తగ్గెనో ఏటేట తేట తెనుగున మనకు చెప్పవలయును.

సైబరాబాదు యువకులారా! 1998లో సైబర్ టవర్సు వెలసిననాటినుండి పరదేశపు వర్తకుల లెక్కలు చక్కబెట్టుచున్నారు. ఏ గొట్టమున మడ్డి పేరుకొనెనో, ఏ కొలిమి అధికముగా తినుచున్నదో యంత్రగణనచే ముందుగా కనిపెట్టు నేర్పు మీ యొద్ద కలదు. మన యింటి కొలిమి లెక్కను చూచుట మీకు భారమా?